నాగార్జునకొండ ద్వీప మ్యూజియం: తరచుగా అడిగే ప్రశ్నలు

సాగర్ వెళ్లినవాళ్లు డ్యాం చూస్తారు, ఎత్తిపోతల జలపాతం చూస్తారు, పొద్దు మిగిలితే కొండకు పడవెక్కుతారు. మ్యూజియంలో అరగంట తిరిగి, "రాళ్లే కదా" అనుకుంటూ వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. ఆ రాళ్లలో ఎక్కువభాగం ఇప్పుడు నీళ్లకింద ఉన్న ఒక రాజధానివి, క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణా లోయనేలిన ఇక్ష్వాకుల విజయపురివి. అది తెలిసి చూస్తే ప్రతి పలక మాట్లాడుతుంది. ఎప్పుడూ వచ్చే సందేహాలను, ప్రయాణం ఏ దశలో వస్తాయో ఆ దశ కింద ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

నాగార్జునకొండ మ్యూజియం, బుద్ధవనం రెండూ ఒకటేనా?

కావు. మ్యూజియం కృష్ణానదిలో, సాగర్ జలాశయం మధ్య దీవి మీద ఉంది. పడవలోనే వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ పురావస్తు శాఖ నడుపుతుంది. అక్కడివి తవ్వకాల్లో దొరికిన అసలు వస్తువులు. బుద్ధవనం తెలంగాణ ఒడ్డున, నందికొండ దగ్గర 274 ఎకరాల్లో కొత్తగా కట్టిన ఉద్యానం. 2022 మే 14న ప్రారంభించారు. అక్కడికి కారులోనే వెళ్లొచ్చు. అందులో కొత్తగా చెక్కిన శిల్పాలు, అమరావతి స్తూపాన్ని తలపించే కట్టడం ఉంటాయి. రెండూ చూడదగ్గవే. ఒక్కదానికే సమయముంటే మాత్రం దీవికే వెళ్లండి.

శుక్రవారం వెళ్తే తెరిచి ఉంటుందా?

ఉండదు. వారపు సెలవు శుక్రవారమే. శుక్ర, శని, ఆదివారాలు కలిపి సాగర్ ట్రిప్పు వేసుకునేవాళ్లు మొదటిరోజే కొండ చూసేద్దామని వచ్చి ఇక్కడే దెబ్బతింటారు. ఆ రోజు డ్యాం, అనుపు (ఒడ్డున మళ్లీ పేర్చిన పాత కట్టడాల చోటు), ఎత్తిపోతల పెట్టుకుని కొండను శనివారం పొద్దుటికి ఉంచుకోండి.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. జలాశయం నిండుగా ఉంటుంది, ఎండ తట్టుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పల్నాడు ఎండ సంగతి తెలిసిందే. బయటి కట్టడాల మధ్య నీడ తక్కువ కాబట్టి మధ్యాహ్నం నడవలేరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లెత్తితే సాగర్ చూడటానికి జనం పోటెత్తుతారు గానీ, వరద, గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. గేట్ల కోసం వెళ్లేవాళ్లు కొండ కూడా చూడాలనుకుంటే ఒకరోజు అదనంగా పెట్టుకోవడం మంచిది.

హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చా? గుంటూరు వైపు నుంచైతే?

రావచ్చు, కానీ తెల్లవారుజామునే కదలాలి. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కి.మీ. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా రావాలి. రైలైతే ఆంధ్ర వైపు దగ్గరి స్టేషన్ మాచర్ల. అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. చాలామంది ముందు డ్యాం చూసి, భోంచేసి, ఆ తర్వాత పడవ దగ్గరికి వస్తారు. అప్పటికి చివరి పడవ వెళ్లిపోయి ఉండొచ్చు, లేదా దీవి మీద ఉండే సమయం తగ్గిపోతుంది. పొద్దుటి పడవకు కొండ, ఆ తర్వాతే భోజనం, డ్యాం. ఈ వరస మార్చకండి.

ఒకే టికెట్టా, రెండా? పిల్లలకూ తీసుకోవాలా?

పడవకు వేరు, మ్యూజియానికి వేరు. పురావస్తు శాఖ నిబంధన ప్రకారం 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. పడవ టికెట్ లెక్క అది కాదు, కౌంటర్లో అడగాలి. విదేశీయులకు ప్రవేశ రుసుము ఎక్కువ. సార్క్, బిమ్స్‌టెక్ కూటముల్లోని (దక్షిణాసియా, బంగాళాఖాతం చుట్టుపక్కల) దేశాలవారికి మాత్రం మనకున్న ధరే. శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్ యాత్రికులను తీసుకొచ్చేవాళ్లు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోమని చెప్పండి.

## పడవ దగ్గర, దీవి మీద

పడవ ఎక్కడ ఎక్కాలి? ఎంతసేపు పడుతుంది?

ఆంధ్ర ఒడ్డున విజయపురి సౌత్ లాంచీ స్టేషన్, తెలంగాణ ఒడ్డున నాగార్జునసాగర్ లాంచీ స్టేషన్. రెండు రాష్ట్రాల పర్యాటక సంస్థలూ విడివిడిగా నడుపుతాయి. నీటిమట్టాన్ని, లాంచీని బట్టి ఒకవైపు ప్రయాణం సుమారు ముప్పావుగంట నుంచి గంట. తగినంతమంది పోగవకపోతే పడవ కదలదు. మామూలు రోజుల్లో వెళ్లేవాళ్లు ఈ నిరీక్షణను లెక్కలో వేసుకోవాలి. శ్రీశైలం వెళ్లే లాంచీ వేరే, పొరపాటున ఆ టికెట్ తీసుకోకండి. మీరు ఏ ఒడ్డున ఎక్కారో అదే ఒడ్డుకు తిరిగొస్తారు, కాబట్టి కారు అటువైపే పెట్టండి.

దీవి మీద గంటసేపే ఉండనిస్తారట. ఆ గంటలో ఏం చూడాలి?

దిగేటప్పుడే తిరుగు పడవ సమయం, వేరే పడవలో రానిస్తారా లేదా అన్నవి లాంచీ సిబ్బందిని అడగండి. రానిస్తే రెండున్నర గంటలు గడపండి, ఆ దీవి అంత సమయానికి తగినదే. గంటే ఉంటే ఆగకుండా మ్యూజియానికి నడవండి. లోపల నలభై నిమిషాలు కేటాయించి లోయ నమూనా, బొమ్మల దూలాలు, శాసనాల స్తంభాలు చూడండి. మిగిలిన సమయంలో బయట మహాచైత్యం (ఇక్కడి ప్రధాన స్తూపం), స్నానఘట్టం. తోటలో ఫొటోలు దిగుతూ మొదటి పావుగంట పోగొట్టుకుంటే, దూలాల దగ్గరికి వచ్చేసరికి లాంచీ హారన్ వినిపిస్తుంది.

పెద్దవాళ్లు నడవగలరా? తిండి, నీళ్లు దొరుకుతాయా?

నెమ్మదిగా నడిచేవాళ్లు మ్యూజియం దాకా రాగలరు. ఇబ్బందల్లా పడవ ఎక్కడం, దిగడం. నీరు తగ్గినప్పుడు రేవు దగ్గర ఎత్తుపల్లాలు పెరుగుతాయి, పక్కన ఒక మనిషి ఉండాలి. కట్టడాలు ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మ్యూజియంతో సరిపెట్టుకోవడం మేలు. భోజనం ఒడ్డునే ముగించండి. మనిషికో లీటరు నీళ్లు, టోపీ, ఆకలికి ఏదో ఒకటి చేతిలో ఉంచుకోండి. ఖాళీ సీసాలు మళ్లీ సంచిలోకే.

## మ్యూజియం ఎలా వచ్చింది

ఈ చోటును ఎవరు కనిపెట్టారు?

లోయలో అప్పుడున్న ఊరు పుల్లారెడ్డిగూడెం. అక్కడో పాత స్తంభం ఉందని సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ప్రభుత్వానికి తెలియజేశారు. 1926లో మద్రాసు శాసనాల పరిశోధన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూసి, దాని విలువ గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. మహాచైత్యం, విహారాలు (భిక్షువుల నివాసాలు), శిల్పాలు అప్పుడే బయటపడ్డాయి. 1938-40 మధ్య టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వారు. అసలు పెద్ద తవ్వకం మాత్రం ఆ తర్వాతిది, ఆనకట్ట ఖాయమయ్యాక మొదలైంది.

లోయంతా మునిగిపోతే ఇవన్నీ కొండమీదికి ఎలా వచ్చాయి?

సాగర్ డ్యాంకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దానికి ఏడాది ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయలో దిగింది. మూడుపక్కలా కొండలు, నాలుగోపక్క కృష్ణ. నీళ్లు రాకముందే ఆ లోయ మొత్తాన్ని తవ్వి, కొలిచి, నమోదు చేయాలి. 1960 దాకా నూరు పైచిలుకు చోట్ల తవ్వారు.

అన్నిటినీ తరలించడం కుదరదు. అందుకని ఎంపిక చేసుకున్నారు. ముఖ్యమైన కట్టడాలకు కొలతలతో నక్షాలు గీసి, ఫొటోలు తీసి, విప్పి, పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. కొన్నిటికి చిన్న నమూనాలు కట్టారు. మిగిలినవి అక్కడే వదిలేశారు. శిల్పాలు, శాసనాలు, చిన్న వస్తువులు మ్యూజియానికి చేరాయి. లోయ మధ్య నిలిచిన కొండ నీళ్లొచ్చాక దీవి అయింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఇప్పుడు మీ పడవ వెళ్లేది ఆ విజయపురి వీధుల మీదుగానే.

మ్యూజియం భవనం అలా ఎందుకు కట్టారు?

బౌద్ధ విహారం నమూనాలో కట్టారు. తవ్వకాల రోజుల్లో లోయలోనే చిన్న ప్రదర్శనశాల ఉండేది. అది మునకలోకి వస్తుంది కాబట్టి కొండమీద ఈ కొత్త భవనం కట్టి 1966లో తెరిచారు.

ఆచార్య నాగార్జునుడు నిజంగా ఇక్కడే ఉన్నాడా?

సంప్రదాయం ఆయన్ను శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. ఈ లోయకు శాసనాల్లో ఉన్న పేరు కూడా శ్రీపర్వతమే, రాజధాని పేరు విజయపురి. అంతవరకూ కథ కలుస్తుంది. కానీ ఇక్కడ దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఎక్కడా ఆయన పేరు లేదు. దగ్గర్లో ఆయన పేరు కనిపించేది జగ్గయ్యపేటలో. అక్కడి ఒక శాసనం బుద్ధ విగ్రహం పెట్టించిన వ్యక్తిని భదంత నాగార్జునాచార్యుడి శిష్యపరంపరలోనివాడని చెబుతుంది, అదీ తర్వాతి కాలానిది. "నాగార్జునుడి విశ్వవిద్యాలయం ఇదే" అని గైడు చెప్తే భక్తితో వినండి, చరిత్రగా రాసుకోకండి. నిరూపితమైనది ఏంటంటే, ఇక్కడ వేర్వేరు బౌద్ధ శాఖల విహారాలు పక్కపక్కనే నడిచాయి, విదేశీ భిక్షువులు వచ్చి ఉన్నారు. ఆ మాటే చాలా పెద్దది.

ఇక్ష్వాకులంటే రాముడి వంశమా?

పేరు అదే. ఇక్కడి శాసనాలు బుద్ధుణ్ణి కూడా ఇక్ష్వాకు వంశంలో పుట్టినవాడిగానే కీర్తిస్తాయి. చరిత్రలో వీళ్లు శాతవాహనుల తర్వాత కృష్ణా లోయను సుమారు వందేళ్లు, క్రీ.శ. 3వ శతాబ్దంలో, 4వ శతాబ్దం మొదట్లో పాలించినవాళ్లు. పురాణాలు శ్రీపర్వతీయులు అంటాయి. శాసనాల్లో దొరికే రాజులు నలుగురు: వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. పేరు ముందు తల్లి గోత్రం చెప్పుకోవడం శాతవాహనుల పద్ధతే. వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను పెళ్లాడాడు. మన ఇళ్లలో మేనరికానికి రాతిమీద అంత పాత సాక్ష్యం ఉంది.

## మ్యూజియం లోపల

లోపలికి వెళ్లగానే ముందు ఏం చూడాలి?

మునిగిన లోయ నమూనా ఎక్కడుందని అడిగి, నేరుగా దాని దగ్గరికి వెళ్లండి. నది ఎటు, కోట ఎటు, మహాచైత్యం ఎక్కడ, విహారాలు ఏ వరసలో ఉన్నాయి, స్నానఘట్టం ఎక్కడ అన్నది అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. ఆ తర్వాత ఏ పలక ముందు నిలబడినా, "ఇది లోయలో ఎక్కడిది" అని చీటీ మీద చదివి నమూనాతో కలుపుకోవచ్చు. దీన్ని చివరికి వదిలేసినవాళ్లకే మ్యూజియం రాళ్ల గోదాములా అనిపిస్తుంది. బడి పిల్లల్ని తీసుకొచ్చే మాస్టార్లు ఇది తప్పక పాటించాలి.

ఈ తెల్ల రాయి పాలరాయేనా?

కాదు, పలనాటి సున్నపురాయి. దగ్గరగా చూస్తే కాస్త ఆకుపచ్చ, బూడిద కలిసిన లేత రంగు. గని నుంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుంది కాబట్టి నగల పూసలు, వస్త్రం మడతలు, ఎద్దు గంగడోలు కూడా ఉలికి లొంగాయి. అమరావతి, జగ్గయ్యపేట శిల్పాలదీ ఇదే జాతి రాయి. దీని బలహీనత పొరలు. తేమ, ఎండ మారిమారి తగిలితే పొరలుగా ఊడుతుంది. కొన్ని పలకల్లో ముఖాలు చెరిగిపోవడానికి మనుషులు పగలగొట్టడం ఒక్కటే కారణం కాదు. ఆమ్లం తగిలితే కరుగుతుంది, చేతి చెమట, నూనె మరకలు పడతాయి. "తాకవద్దు" అన్న బోర్డు అందుకే.

పొడుగాటి రాతి దూలాల మీద బొమ్మలు ఎటునుంచి ఎటు చూడాలి?

చాలా దూలాల్లో కుడి నుంచి ఎడమకు. మనం తెలుగు చదివే అలవాటుతో ఎడమనుంచి మొదలుపెడితే కథ తలకిందులవుతుంది. కారణం ప్రదక్షిణం. స్తూపం చుట్టూ దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగే భక్తుడు స్తూపం వైపు ముఖం తిప్పి చూస్తే బొమ్మలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి. దూలం మీద ఘట్టానికీ ఘట్టానికీ మధ్య సన్నని గళ్లలో స్త్రీపురుషుల జంటలు నిలబడి ఉంటాయి. అవి కథలో భాగం కాదు, ఒక ఘట్టం అయిపోయిందని చెప్పే విరామాలు. జంట కనిపించగానే కొత్త దృశ్యం మొదలైందని గుర్తు పెట్టుకుంటే దూలం మొత్తం మీకై మీరే చదువుకోవచ్చు.

నాకు కథలు తెలియవు. ఏది ఏ దృశ్యమో ఎలా గుర్తుపట్టాలి?

చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డ స్త్రీ అయితే బుద్ధుడి తల్లి మాయాదేవి, అది జననం. రౌతుతో గుర్రం బయల్దేరుతుంటే మహాభినిష్క్రమణం, అంటే సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లడం. గుర్రం డెక్కల కింద మరుగుజ్జు యక్షులు చేతులు పట్టారేమో చూడండి, చప్పుడు కాకుండా మోస్తున్నారన్నమాట. చెట్టుకింద కూర్చున్నాయన చుట్టూ వికృతాకారులు మూగితే, బుద్ధుడి ధ్యానం చెడగొట్టబోయిన మారుడి దాడి. తక్కెడ, పావురం ఉంటే శిబి కథ. ఒక భిక్షువు, ఎదురుగా అప్సరసలు, ఓ మూల కోతి ఉంటే అది నందుడి కథ. భార్య సుందరిని మరవలేని తమ్ముణ్ణి బుద్ధుడు స్వర్గం చూపించి దారికి తెచ్చిన ఘట్టం. ఇక్కడి శిల్పులకు దీనిమీద మనసు ఎక్కువ, నందుడి ముఖంలో దిగులు కూడా చెక్కారు. మాంధాత కథ కూడా కనిపిస్తుంది, సగం సింహాసనంతో ఇంద్రుడి పక్కన కూర్చున్న రాజు ఆయనే.

స్తూపం ముందు అయిదేసి స్తంభాలు ఎందుకు?

అవి ఆయక స్తంభాలు. స్తూపం నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలుంటాయి, ఒక్కో వేదిక మీద అయిదు చొప్పున మొత్తం ఇరవై. బుద్ధుడి జననం, గృహత్యాగం, సంబోధి (జ్ఞానోదయం), తొలి ప్రవచనం, మహాపరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు గుర్తు. పైకప్పును మోసే పని వీటికి లేదు. ఆంధ్ర స్తూపాలకు ఇది ప్రత్యేక లక్షణం, సాంచీలో కనిపించదు. మహాచైత్యం శాసనాలు చాలావరకు ఈ స్తంభాల మీదే ఉన్నాయి.

శాసనాలు తెలుగులో ఉన్నాయా? వాటిలో ఏముంది?

లిపి బ్రాహ్మి. భాష ఎక్కువగా ప్రాకృతం, చివరి రాజుల నాటికి సంస్కృతం వస్తుంది. అక్షరాల నిలువు గీతలు పొడుగ్గా కిందికి సాగి, కొసలో వంపు తిరుగుతాయి. ఆ వయ్యారం ఇక్ష్వాకుల బ్రాహ్మిది. రాయి దగ్గర పక్కగా నిలబడి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి, ఎదురుగా కంటే స్పష్టంగా కనిపిస్తాయి.

విషయానికొస్తే, ఇవి చాలావరకు ఆడవాళ్ల దానాలు. మహాచైత్యాన్ని పూర్తిచేయించింది శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ, వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో. పని చూసింది ఆనందుడనే భిక్షువు. రాజకుమార్తె అడవి శాంతిశ్రీ, ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధర భట్టారిక, మహిశాసక అనే బౌద్ధ శాఖకు విహారం కట్టించిన కొడబలిశ్రీ, వీళ్లంతా దాతలే. వీళ్ల పక్కన రాజకుటుంబం కాని ఒక ఉపాసిక (గృహస్థ భక్తురాలు) ఉంది, బోధిశ్రీ. ఆమె వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, తంబపణ్ణి వంటి దేశాల పేర్లున్నాయి. ఆ దేశాల వారిని ధర్మంలోకి తెచ్చిన తంబపణ్ణి, అంటే శ్రీలంక, ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహం (స్తూపమున్న ప్రార్థనశాల) కట్టించింది. రాజులు అశ్వమేధాలు చేసుకుంటుంటే, ఊరికి పేరు తెచ్చిన కట్టడాలను ఇంటి ఆడవాళ్లు నిలబెట్టారు. ఈ మ్యూజియంలో మరవకూడని సంగతి ఏదైనా ఉంటే అదే.

ఛాయాస్తంభం అంటే ఏమిటి?

చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాతి స్తంభం. పై భాగంలో గళ్లు గళ్లుగా వారి జీవిత దృశ్యాలు, కింద రాత. వీటిలో ముఖ్యమైనది శాంతమూలుడిది. కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో శాంతమూలుడి తల్లి, అక్కచెల్లెళ్లు, రాణులు కలిసి నిలిపారు. సేనానులకు, వృత్తిపనివారికి కూడా ఇలాంటి స్తంభాలు దొరికాయి. తర్వాతి కాలంలో పల్నాట మనకు కనిపించే వీరగల్లులతో (వీరుల స్మారక శిలలతో) పోల్చి చూస్తే ఆసక్తిగా ఉంటుంది.

అంతా బౌద్ధమేనా? గుళ్లు లేవా?

ఉన్నాయి, చాలా ఉన్నాయి. మొదటి శాంతమూలుడు వైదికుడు. అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడని, మహాసేనుడి (కార్తికేయుడి) అనుగ్రహం పొందినవాడని శాసనాలు చెబుతాయి. నది ఒడ్డున పుష్పభద్రస్వామి, కార్తికేయుడు, అష్టభుజస్వామి ఆలయాలు తవ్వకాల్లో తేలాయి. ఎలిశ్రీ అనే సేనాని సర్వదేవాలయం కట్టించాడు. అష్టభుజస్వామి విష్ణువే. ఆయన పేరు చెక్కిన శంఖం కూడా దొరికింది. పిల్లల్ని కాపాడే హారీతికి ఇక్కడ గుడి ఉండేది. దక్షిణాదిలో రాతి, ఇటుక ఆలయాల తొలి ఆధారాల కోసం చూసేవాళ్లు ఈ లోయనే ముందు తలుచుకుంటారు. మ్యూజియంలో మధ్యయుగాల శైవ, ఇతర విగ్రహాలు కూడా ఉన్నాయి. వాటిని ఇక్ష్వాకుల ఖాతాలో వేయకండి, చీటీ మీద శతాబ్దం చూడండి.

రోమన్ నాణేలు దొరికాయంటారు, నిజమా?

నిజమే. రోమన్ బంగారు నాణేలు దొరికాయి, అందులో తిబేరియస్ చక్రవర్తిది ఉంది. ఇక్ష్వాకుల సొంత నాణేలు సీసంవి, ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం (శిలువ కొసల్లో నాలుగు వృత్తాలు). నాణేలకంటే శిల్పాల్లో విదేశీ జాడ ఆసక్తికరం. పొడుగు చేతుల అంగీ, కుచ్చుటోపీ వేసి ఈటె పట్టిన శక (మధ్య ఆసియా జాతి) సైనికుడిలాంటి కావలివాడు, మధుపాత్రతో నిలబడ్డ యవనుడు (గ్రీకు, రోమన్ల వంటి పడమటివాడు) స్తంభాల మీద కనిపిస్తారు. దుస్తులు చూస్తే చాలు, మనవాళ్లు కాదని తెలుస్తుంది.

బౌద్ధ మ్యూజియంలో రాతి గొడ్డళ్లు ఎందుకు?

లోయ చరిత్ర ఇక్ష్వాకులతో మొదలవలేదు. పాతరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా ఇక్కడ మనుషులు మసలారు. కొత్తరాతియుగం ఆవాసాలు, సమాధులు, ఆ తర్వాత పెద్దరాళ్లు వలయంగా పేర్చిన సమాధులు తవ్వారు. అలాంటి ఒక సమాధిని దీవి మీద మళ్లీ పేర్చి ఉంచారు.

బుద్ధుడి ధాతువు (అస్థి అవశేషం) ఈ మ్యూజియంలోనే ఉందా?

లేదు. లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు మహాచైత్యం లోపలి గదుల్లో ఒకదానిలో పగిలిన కుండ దొరికింది. అందులో స్తూపాకారపు వెండి భరిణ, దానిలో చిన్న బంగారు భరిణ, దానిలో చిన్న ఎముక ముక్క. ఆ ధాతువును మహాబోధి సొసైటీకి అందజేశారు. 1932లో సారనాథ్ మూలగంధకుటీ విహారంలో ప్రతిష్ఠించారు. వేరే స్తూపాల్లో దొరికిన భరిణలు మ్యూజియంలో చూడవచ్చు.

## బయటి కట్టడాలు, అనుపు

బయటున్న స్తూపాలు అసలువా, నకళ్లా?

రెండూ ఉన్నాయి. లోయలోంచి విప్పి తెచ్చి పాత ఇటుకలు, రాళ్లతో పేర్చినవి కొన్ని, చిన్న నమూనాలు కొన్ని. దగ్గరున్న బోర్డు చదవండి. పునర్నిర్మాణం అని ఉంటే వస్తువు పాతది, చోటు మారింది. నమూనా అని ఉంటే ఆకారమే పాతది. మహాచైత్యం, స్వస్తిక చైత్యం, బోధిశ్రీ చైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం, అశ్వమేధ స్థలం తప్పక చూడాల్సినవి. స్నానఘట్టం దగ్గర రాతిపలకల మెట్లు ఎంత సూటిగా, ఒకే ఎత్తులో పరిచారో గమనించండి.

స్తూపం లోపల చక్రం, స్వస్తికం ఎందుకు కట్టారు?

మొదటి కారణం ఇంజినీరింగ్. మహాచైత్యం అడుగున వ్యాసం 106 అడుగులు. అంత గుమ్మటాన్ని పూర్తిగా ఇటుకతో నింపడం ఖర్చు, మొత్తం మట్టితో నింపితే వానలకు కుంగి పక్కలు పగులుతాయి. అందుకని నడుమ బండిచక్రపు కుండలాంటి దిమ్మె, దాన్నుంచి చక్రపు ఆకుల్లా వెళ్లే అడ్డగోడలు, చుట్టూ వలయగోడలు కట్టి, మధ్య గళ్లలో మట్టి దట్టించారు. బండి చక్రం ఎలా బరువు పంచుకుంటుందో ఇదీ అంతే. ఇటుకలు కూడా భారీవి, సుమారు 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. చిన్న స్తూపాల్లో ఆకులు తక్కువ, పెద్దవాటిలో ఎక్కువ. ఆకారం ధర్మచక్రం కావడం రెండో లాభం. స్వస్తిక చైత్యంలో నడుమ ఇటుకలతో స్వస్తికం పేర్చారు. స్తూపం పూర్తయ్యాక ఇవేవీ పైకి కనిపించవు, మనం ఇప్పుడు చూస్తున్నది లోపలి అస్థిపంజరం.

కొండమీద కోట గోడలు ఎవరివి?

ఇక్ష్వాకులవి కావు. వాళ్ల కోట లోయలోనే ఉండేది. కొండమీదివి మధ్యయుగాలవి, రెడ్డిరాజుల కాలానికి, ఆ తర్వాత గజపతుల కాలానికి చెందినవి.

అనుపు కూడా వెళ్లాలా? అది దీవి మీదే ఉందా?

దీవి మీద కాదు, కుడి ఒడ్డున విజయపురి సౌత్ నుంచి రోడ్డు మీద వెళ్లాలి. కొండమీద చోటు చాలని పెద్ద కట్టడాలను అక్కడ పునర్నిర్మించారు. వాటిలో నాలుగువైపులా మెట్లున్న రంగస్థలం ముఖ్యమైనది, దానితోపాటు పెద్ద విహారం, హారీతి గుడి. నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవారికి వినిపిస్తుందేమో మీరే పరీక్షించండి. మ్యూజియంలో విడివిడిగా చూసినవన్నీ ఒక ఊరిగా కలిసేది అక్కడే. శుక్రవారం వచ్చి చిక్కుకున్నవాళ్లకు కూడా ఇది మంచి దారి.

లోపల ఫొటోలు తీయొచ్చా? పాఠశాల బృందాలకు ఏమైనా సూచనలు?

ఫోన్‌తో తీసుకునే ముందు గేటు దగ్గర నిబంధన అడగండి. ఫ్లాష్, స్టాండు, వీడియో కెమెరాకు ముందుగా అనుమతి కావాలి. పిల్లల బృందం పెద్దదైతే రెండుగా విడదీసి, ఒకటి లోపల, ఒకటి బయట ఉండేలా నడపండి. అందరూ ఒకేసారి లోపలికొస్తే నమూనా చుట్టూ వెనక నిలబడ్డవాళ్లకు ఏమీ కనపడదు. ఒక్కో పిల్లకు ఒక్క దూలం అప్పజెప్పి, దాని మీద ఎన్ని ఘట్టాలున్నాయో లెక్కపెట్టమనండి.

ఇవి నచ్చాయి. ఇలాంటి శిల్పాలు ఇంకెక్కడ చూడొచ్చు?

నాగార్జునకొండవే కొన్ని ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఈ శైలికి ముందు దశ అమరావతి. ఆ శిల్పాల పెద్ద భాగాలు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోని స్థలీయ మ్యూజియంలో చూడవచ్చు. తెలంగాణలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండ ఇదే కాలపు పనితనానికి చక్కని ఉదాహరణ. వరస అడిగితే ముందు అమరావతి, తర్వాత నాగార్జునకొండ, ఆ తర్వాత ఫణిగిరి చూడమంటాం. శిల్పుల చేయి ఎలా మారుతూ వచ్చిందో ఆ వరసలో తెలుస్తుంది.